రైలు లేని ఊళ్లో రైలు కూత: మోడల్ ఇంజిన్‌కి అసలైన సౌండ్ ఎలా వస్తుంది?

మా దేవరకొండకి రైల్వే లైన్ లేదు. కూత వినాలంటే నల్లగొండ స్టేషన్ దాకా పోవాల్సిందే. అందుకే ఇక్కడ టేబుల్ మీద మోడల్ రైలు నడిపేవాళ్లకి కూత అసలుదానిలా ఉండాలనిపిస్తుంది. కానీ చాలాసార్లు వచ్చేది బొమ్మ పీక సౌండే. ఎందుకో చూద్దాం.

కూత ఎలా పుడుతుంది?
1935లో అమెరికా కంపెనీ లయనెల్ చిన్న మోటార్‌తో నిజంగానే గాలి ఊది కూత వేయించింది. ఇప్పుడు ఆ పని సౌండ్ డీకోడర్ చేస్తుంది. ఉదాహరణకి ఈఎస్‌యూ లోక్‌సౌండ్ 5 డీకోడర్‌లోకి, ఆ కంపెనీ ప్రోగ్రామర్ సాయంతో, మన సొంత వేవ్ ఫైల్ ఎక్కించుకోవచ్చు.

ఒక్క ఫైల్ చాలదు
కూతని మూడు ముక్కలు చేయాలి: మొదలు, మధ్య, ముగింపు. బటన్ నొక్కి ఉంచినంతసేపు మధ్య ముక్క రిపీట్ అవుతుంది, వదలగానే ముగింపు వస్తుంది. అప్పుడే చిన్న కూత, పొడుగు కూత రెండూ సహజంగా ఉంటాయి.

ఫోన్‌తో రికార్డింగ్
దూసుకెళ్లే రైలుని రికార్డ్ చేయొద్దు. గంటకి 100 కి.మీ. వేగంతో వచ్చే రైలు కూత స్వరం సుమారు 8–9 శాతం పెరిగి, దాటాక దాదాపు అంతే తగ్గుతుంది. ఆగి ఉన్న ఇంజిన్ బయల్దేరేముందు వేసే కూత పట్టుకోండి. రికార్డింగ్ యాప్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్, ఆటో వాల్యూమ్ ఆపేయండి. లెవెల్ తక్కువ పెట్టండి, లేదంటే సౌండ్ పగిలిపోతుంది. ప్లాట్‌ఫామ్ మీద పసుపు గీత వెనకే నిలబడండి. ఫైల్ కోసం పట్టాల దగ్గరికి అస్సలు పోవద్దు.

అసలు తప్పు ఇక్కడే
మన ఇంజిన్ల హారన్‌లో ఒక సన్న స్వరం, ఒక బొంగురు స్వరం ఉంటాయి. స్పీకర్ ముందు, వెనక పుట్టే గాలి అలలు ఒకదానికొకటి వ్యతిరేకం. వెనక మూసిన డబ్బా లేకపోతే అవి కలిసి, బొంగురు స్వరం మాయమవుతుంది. మిగిలేది కీచుమనే సౌండే. పాత ఫోన్ స్పీకర్ అయినా సరే, గాలి పోకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. డీకోడర్ ఎన్ని ఓమ్‌ల స్పీకర్ అడుగుతుందో మాత్రం ముందే చూసుకోండి.

కాబట్టి ఖరీదైన డీకోడర్ కొనేముందు స్పీకర్‌కి డబ్బా కట్టండి. కూత సగం బాగుపడేది అక్కడే.