కుంచె పట్టిన కథానాయికలు: నా అనుభవ పాఠాలు

తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక కొండాపూర్‌లో మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. ఆదివారాలు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలతో కలిసి పుస్తకాలు చదువుతాం. ఒక ఆడపిల్ల ఎదిగి కళాకారిణి అయ్యే కథలంటే వాళ్లకు మక్కువ. వాటిని ఎలా చదవాలని అడిగితే నేను చెప్పేవి ఇవే.

1. ముందు డబ్బు లెక్క చూడండి.
డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర కళాకారిణి కాదు. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే పిల్ల. అయినా ఆ నవలతోనే మొదలుపెట్టిస్తాను. సంపాదించే ఆడపిల్ల బతుకులో ఎంత స్వతంత్రం ఉందో, ఎంత బరువుందో అందులో తేటతెల్లంగా తెలుస్తుంది. రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి 500 పౌండ్లూ, సొంత గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అంది. మా పిల్లలకు జీతం ఉంది, ఫ్లాటూ ఉంది. మరి లోటెక్కడ?

2. గంటలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి.
మా బృందంలో ఒకమ్మాయి అమెరికా కాల్ మ్యూట్‌లో పెట్టి బొమ్మ ముందు కూర్చుంటుంది. రెండు గీతలు పడేలోపు అటునుంచి పేరు పిలుస్తారు. కాల్ అయ్యాక వంటింట్లోంచి పిలుపు. తిరిగొచ్చేసరికి పళ్లెంలో అక్రిలిక్ రంగు పెచ్చులు కట్టి ఉంటుంది. నవలలోనూ నాయిక ఎవరు పిలిస్తే కుంచె కింద పెడుతోందో రాసుకుంటూ పోండి. అసలు కథ ఆ జాబితాలోనే దొరుకుతుంది.

3. చేతి పని కనిపించని నవలను నమ్మకండి.
వుల్ఫ్ నవల ‘టు ది లైట్‌హౌస్’ (1927)లో లిలీ అందరితో భోజనానికి కూర్చుంటుంది. తన బొమ్మలో చెట్టును మధ్యకు జరపాలని ఉన్నట్టుండి తోస్తుంది. మరిచిపోకుండా ఉప్పుగిన్నెను బల్లగుడ్డ మీద గుర్తుగా జరిపి పెడుతుంది. ఆమె చిత్రకారిణి అనడానికి ఇంకే సర్టిఫికెట్టూ అక్కర్లేదు. చేతి పని ఎలాంటిదో తెలియాలంటే, శిల్పారామంలో కలంకారీ చీర బేరమాడేటప్పుడు దాన్ని ఎలా చేస్తారో కూడా అడగండి. కరక్కాయ పట్టించని గుడ్డకు కసిం అనే నల్లరంగు ఎక్కదు, పాలలో ముంచకపోతే రంగు పాకిపోతుంది. కళ గురించి రాసేవాళ్లకు ఈపాటి తెలిసి ఉండాలి.

4. అడ్డం వచ్చేవాడు దుర్మార్గుడే కానక్కర్లేదు.
‘టు ది లైట్‌హౌస్’లోనే టాన్స్‌లీ అనేవాడు, ఆడవాళ్లు బొమ్మలు వేయలేరు, రాయలేరు అని లిలీ మొహం మీదే అంటాడు. అలాంటివాణ్ని పోల్చుకోవడం తేలిక. కానీ అందరూ అలా ఉండరు. ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లో అరుణ కోరి ప్రేమించినవాణ్నే పెళ్లాడుతుంది. పుట్టింట్లో దొరకని స్వేచ్ఛ ఆ పెళ్లిలోనూ దొరకదు. మా పిల్లలు ఎక్కువసేపు వాదించుకునేది ఈ నవల మీదే.

5. నాయికకు ఎవరు నేర్పారో వెతకండి.
ఓల్గాకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘విముక్త’ కథల్లో సీతకు బతుకు పాఠాలు చెప్పేది శూర్పణఖ, అహల్య, ఊర్మిళ, ఇసుకతో కుండలు చేసే రేణుక. అందరూ ఆడవాళ్లే.

6. చప్పట్లతో ముగియాలని కోరకండి.
తన బొమ్మను ఏ అటక మీదో పడేస్తారని లిలీకి తెలుసు. అయినా చివరి గీత గీసి పూర్తి చేస్తుంది. మన స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ కావూరి హిల్స్‌లోనే ఉంది, అక్కడ బొమ్మ పెట్టే రోజు వస్తే సంతోషమే. ఈలోగా వారానికి రెండు గంటలు క్యాలెండర్‌లో మీటింగ్‌లా బ్లాక్ చేసుకోమంటాను. ఆ రెండు గంటలు ఇంట్లోవాళ్లకూ చెప్పే తీసుకోవాలి, దొంగచాటుగా కాదు.