వేలు అడ్డం పెట్టిన పేజీ

తెనాలి

చిట్టితల్లీ,

నువ్వు ఫొటో తీసి పంపిన మీ పార్లర్ రిజిస్టరు పేజీని పెద్దది చేసుకుని మరీ చూశాను. '4.3, 20 వాల్యూమ్, 35 నిమిషాలు, చెవి వెనక టెస్ట్ చేశాం' అని నీ గుండ్రటి అక్షరాలు కనబడేసరికి, ఇంటర్లో ఇంగ్లీషు పుస్తకం తీస్తే జ్వరం తెచ్చుకున్న పిల్లేనా ఇది అని మీ పెదనాన్నకీ చూపించి మురిసిపోయాను. చుక్కకి ముందున్న 4 జుట్టు ముదురునీ, వెనకున్న 3 బంగారు ఛాయనీ చెబుతాయని రంగు ట్యూబులు చదివి నీ అంతట నువ్వే పట్టేశావు కదా, ఇక నీకు చదువు అబ్బలేదని ఎవరన్నా అంటే నేనూరుకోను. కస్టమరు పేరు కనబడకుండా వేలు అడ్డం పెట్టావు చూడు, అది ఇంకా నచ్చింది.

పదేళ్ల పిల్లవి, బడి నుంచి నేరుగా మన పార్లర్‌కి వచ్చి స్టూలెక్కి కూర్చునేదానివి. చదవడం రాని ఓ పెద్దావిడ రేట్ల బోర్డు కేసి చూస్తూ నిలబడిపోతే, ఎవరూ చెప్పకుండానే నువ్వు పాఠం వల్లెవేస్తున్నట్టు ఐబ్రోస్ ఇంత, ఫేషియల్ ఇంత అని పైనుంచి కిందికి గట్టిగా చదివేశావు, ఆవిడ అడగాల్సిన పనిలేకుండా. ఆ గుణం నీకు ఎవరూ నేర్పలేదమ్మా.

నా బెంగల్లా పెళ్లిళ్ల సీజన్ హడావిడి గురించే. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకి ముఖం వాచి కళ్లు మూసుకుపోవచ్చు, అందుకే 48 గంటల ముందు కాస్త రాసి చూడమని పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. "పోయినసారీ వేయించుకున్నాగా" అని తొందరపెడతారు, కానీ ఎన్నోసార్లు పడిన రంగు కూడా ఒకసారి పడకపోవచ్చు. ఎలర్జీ ఉందా అంటే లేదనేస్తారు తల్లీ, "నల్ల మెహందీ కోన్ పెట్టుకున్నప్పుడు చెయ్యి దురద పెట్టిందా" అని అడుగు, అప్పుడు గుర్తొస్తుంది. ఫోన్లో బొమ్మ చూపించి "ఇలా కట్ చెయ్యి" అంటే కత్తెర తీయకముందే వేళ్లతో కొలిచి "ఇంత పోతుంది, సరేనా" అను. కుర్చీలో కూర్చుని కష్టం చెప్పుకుంటే విను, అది మాత్రం రిజిస్టరుకెక్కకూడదు.

గ్లౌజులు లేకుండా రంగు ముట్టుకోకు. ఫేషియల్ క్రీము డబ్బా మీద మూత తెరిచిన బొమ్మలో 12 ఎం అని ఉంటే, తెరిచిన రోజు నుంచి 12 నెలలని. మరి తెరిచిన తేదీ డబ్బా మీద రాస్తున్నారా అక్కడ? రాయకపోతే నువ్వే మొదలుపెట్టు, మీ మేడమ్ ఏమందో నాకు చెప్పు.

నీ పెద్దమ్మ