మగ్గమునకు పనికివచ్చు బొమ్మ: పిల్లలకు నేర్పు విధము

మన పిల్లలు నేత నేర్చుచున్నారు గాని డిజైను గీయుట నేర్చుట లేదు. బుటా మార్చవలెనన్నచో గ్రాఫు గీయువానికి ఒక కూలి, అట్టలు కొట్టువానికి ఒక కూలి ఇచ్చి, వారు ఇచ్చినదే నేయుచున్నాము. అదే గ్రాఫు ప్రక్క వీధికిని పోవును. రెండు నెలలు తిరుగకమునుపే అంగడిలో అందరి చీరలును ఒక్క తీరుననే యుండును. ఇక ధర నిర్ణయించువాడు షావుకారే. సోలాపురములోనైనను, కాంచీపురములోనైనను, బరంపురములోనైనను మనవారి కష్టమిదియే. మన పిల్లలు బడిలో మరాఠీయో, తమిళమో, ఒడియాయో చదువుకొనుచుండవచ్చును. బొమ్మకు ఏ లిపియు నక్కరలేదు.

1956లో వీవర్స్ సర్వీసు సెంటర్లు ఆరంభమైన పిదప చిత్రకారులు నేతగాండ్రతో కలిసి పనిచేసిరి. పేరుపొందిన కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు కూడ 1959-61లో చేనేత బోర్డు డిజైను శాఖలో నుండిరి. ఎంత చిత్రకారుడైనను మగ్గమునకు గీయునపుడు ముందుగా తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. మామూలు గ్రాఫు కాగితముపై గడి నలుచదరము; గుడ్డపై అది నలుచదరము కాకపోవచ్చును.

లెక్కతో చెప్పెదను. అంగుళమునకు పడుగు 80 పోగులు, పేక 60 పోగులు అనుకొనుడు. ఒక్కొక్క సాదా పేకకు ఒక బుటా పేక వేయుదుము. అంగుళము వెడల్పు, అంగుళమున్నర ఎత్తు గల మామిడిపింద కావలెను. దానికి నిలువు వరుసలు 80, అడ్డు వరుసలు 90 చాలును. నిలువు వరుసకు ఒక హుక్కు, అడ్డు వరుసకు ఒక అట్ట గనుక 120 హుక్కుల జాకార్డుపై 90 అట్టలతో పని తీరును. లెక్క తెలియని పిల్లవాడు కాగితముపై అందముగా నున్నదని 80కి 120 గీయును. నేసిన పిదప అది రెండంగుళముల పొడవై మామిడిపింద పోయి దోసకాయ యగును. పైగా 30 అట్టలు దండుగ.

కావున కాగితము మనమే గీసికొనుట మేలు. తెల్లకాగితముపై అంగుళపు నలుచదరములు గీసి, ఒక్కొక్కదానిని వెడల్పున 8, ఎత్తున 6 భాగములు చేయవలెను. ఒక నలుచదరము గుడ్డపై అంగుళములో పదవ వంతగును. బొమ్మ పదింతలు పెద్దదిగా నుండుటచే పిల్లల చేతికి అనుకూలము. ముందు నిజమైన పిందెను, వేపాకును ఎదుట పెట్టి పెన్సిలుతో గీయింపుడు. క్యాలెండరు బొమ్మలను చూచి గీయనీయకుడు.

తరువాత గడులు నింపుట. వంపు గీత గడులలో మెట్లుగా మారును. పింద వీపున మెట్లు 6, 4, 3, 2, 1 అని క్రమముగా తగ్గవలెను. 6, 2, 4, 1 అని పడినచో కాగితముపై అంతగా తెలియదు గాని గుడ్డపై వంపు విరిగినట్లుండును. గోపురపు మొన వంటి తిన్నని ఏటవాలుకు మాత్రము మెట్లన్నియు సమానముగా నుండవలెను. ముగ్గు వేయు ఆడపిల్లకు ఈ పని త్వరగా పట్టుబడును. చుక్కలు లెక్కించి వరుస తప్పక పెట్టు అలవాటు ఆమెకు ముందే కలదు. కొడుకును కాగితము ముందు కూర్చుండబెట్టి కూతురును వంటయింటికి పంపు ఇండ్లు కొన్ని కలవు. నష్టము వారిదే.

బుటా పేక ఒకేచోట ఎక్కువ పోగులపై తేలియుండరాదు. పావు అంగుళము, అనగా 20 పోగులు మించినచో గాజులకు, ఉంగరములకు తగిలి లేచును. నడుమ ఒక గడి విడిచి కట్టు వేయవలెను. ఆ విడిచిన గడులనే ఆకు ఈనెలుగా అమర్చినచో కట్టు కట్టుగా నుండును, అందము అందముగా నుండును. బొమ్మ గీయుట తెలిసిన నేతగానికే ఇది తోచును.

ఇప్పుడు కంప్యూటరుపై గ్రాఫులు చేయుచున్నారు గదా, ఇదంతయు ఎందుకని కొందరందురు. ఫోటోను కంప్యూటరు గడులుగా మార్చును, నిజమే. అందులో చెదరిన గడులను, పొడుగు తేలుళ్లను ఎవరో ఒకరు చూచి దిద్దవలసినదే. ఆ దిద్దువాడు మన యింటివాడైన మంచిది.

అట్టలు కొట్టించుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. బొమ్మను చిన్నదిగా పదునారు మారులు, నాలుగు వరుసలలో గీసి గోడకు తగిలించి పదడుగుల దూరము నుండి చూడుడు. బుటాల నడుమ ఖాళీ చీర పొడవునను చారలుగా కనబడినచో, రెండవ, నాలుగవ వరుసలను సగము ప్రక్కకు జరుపుడు.