నైటీ చాటున డ్రెయిన్ డబ్బా

చెల్లీ, రొమ్ము ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు డ్రెయిన్ సంగతి నర్సమ్మ గబగబా చెప్పేసి ఉంటుంది. ఆ పూట నువ్వేమో ఇంకా నీరసంగా ఉంటావు, మీ ఆయనకేమో బిల్లుల హడావిడి. సగం కూడా బుర్రకెక్కి ఉండదు. తీరిగ్గా కూర్చో, మాట్లాడుకుందాం.

రొమ్ము తీసినా, చంకలో గ్రంథులు తీసినా లోపల ఖాళీ మిగులుతుంది. అందులోకి నీరు ఊరుతూనే ఉంటుంది. అది అక్కడే నిలిచిపోతే పైచర్మం అతుక్కోదు, చీము పట్టే భయమూ ఉంది. దాన్ని బయటికి లాగడానికే ఆ సన్నటి ట్యూబు. దాని చివర పిడికిట్లో పట్టే బల్బు ఉంటుంది, లేకపోతే హార్మోనియం తిత్తిలా ముడతలున్న డబ్బా. నొక్కి ఉంచితేనే అది లాగుతుంది. పొంగిపోయి వేలాడే డబ్బా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మామూలుగా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఖాళీ చేయమంటారు. ముందు చేతులు సబ్బుతో రుద్ది కడగాలి. ట్యూబుకి క్లిప్పు ఉంటే బిగించు. మూత తీసి, దాని లోపలివైపు వేలు తగలనివ్వకుండా, కొలత గీతలున్న కప్పులోకి వంపు. ఇప్పుడు అసలు పని: మూత తీసి ఉండగానే డబ్బాను గట్టిగా నొక్కు, ఆ నొక్కు వదలకుండానే మూత పెట్టెయ్. క్లిప్పు మళ్లీ తెరిచావా? చాలామంది మరిచిపోయేది అదే. చెయ్యి తీశాక కూడా డబ్బా అణిగే ఉండాలి. కాసేపట్లోనే గాలితో పొంగిపోతే మళ్లీ ఖాళీ చేసి నొక్కు. అప్పటికీ నిలవకపోతే ఆసుపత్రికి ఫోన్ చెయ్.

ఆపరేషనైన వైపు చేత్తో ఆ మూత లాగడం కష్టం. మీ ఆయనకు నేర్పు. వద్దని సిగ్గుపడకు, ఆయన్నీ తప్పించుకోనివ్వకు.

కొలిచింది వెంటనే రాసెయ్. పాల లెక్క రాసే కేలండరు గడి చాలు: టైము, ఎన్ని ఎంఎల్, ఏ రంగు. రెండు డ్రెయిన్లుంటే రెంటినీ కలిపి రాయకు. మొదట ఎర్రగా వచ్చేది పోనుపోను గులాబీ రంగుకి, ఆపైన లేత పసుపుకి తిరుగుతుంది. 24 గంటల్లో 30 ఎంఎల్ లోపు, అదీ వరసగా రెండు రోజులు వస్తే చాలామంది సర్జన్లు తీసేస్తారు. ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. పక్కింటావిడకి వారంలో తీశారని కంగారు పడకు.

పిన్నీసు డబ్బాకున్న తాడుకో చెవికో తగిలించి నైటీకి పెట్టు, ట్యూబుకి మాత్రం గుచ్చకు. డబ్బా ఎప్పుడూ గాయం కంటే కిందే ఉండాలి. ముందు గుండీలున్న నైటీ అయితే లోపలివైపు ఓ పాత జాకెట్టు గుడ్డతో జేబు కుట్టించుకో. తలుపు గడియకి ట్యూబు తట్టుకుంటే ప్రాణం పోయినంత పనవుతుంది.

ఇక చూడ్డానికొచ్చేవాళ్లు. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయ ముట్టుకోకు... నాకైతే ఒళ్లు మండుతుంది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, అవి ఉండేదే పప్పులో, గుడ్డులో, పెరుగులో. డాక్టరు వద్దంటే తప్ప అన్నీ తిను. చారన్నంతో సరిపెట్టుకోకు.

ఉన్నట్టుండి ఎర్రటి నెత్తురు డబ్బా నిండా వచ్చినా, చీములా చిక్కగా, వాసనగా వచ్చినా, చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకు. నీరు ఒక్కసారిగా ఆగిపోయి చంక ఉబ్బినా అంతే. ట్యూబు ఊడొస్తే లోపలికి తొయ్యకు. శుభ్రమైన గాజుగుడ్డ అడ్డం పెట్టి బయల్దేరు.

డ్రెయిన్ తీసేటప్పుడు ఓ క్షణం చురుక్కుమంటుంది. ఆ చిన్న రంధ్రం నుంచి ఒకటి రెండు రోజులు తడి రావచ్చు. ఆ తర్వాత కూడా లోపల నీరు చేరి మెత్తగా ఉబ్బుతుంటుంది కొందరికి. అవసరమైతే డాక్టరు సూదితో లాగేస్తారు. అంతేగానీ అత్తగారు చెప్పారని దానిమీద నూనె పెట్టి మర్దనా చేయించుకోకు.