నీటి పొదుపు – ఇంటి ఆరోగ్యము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని తోంగ్‌పాల్ ప్రాంతమును వానలు లేని సీమ యనుటకు వీలు లేదు. బస్తరు సీమలో సాలీనా 1,200 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. అయితే అందధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు మాసములలోనే పడి, వాగుల వెంట నదులలో కలిసిపోవును. వానకాలమున పొంగిన వాగే వేసవిలో ఎండిపోవును. సాలీనా సుమారు 550 మి.మీ. మాత్రమే కురియు అనంతపురము సీమలో ఈ కొరత మరింత తీవ్రము. వాన ఎంత కురిసినను, దానిని నిలుపుకొన్నవారికే అది దక్కును.

వాన నీటి లెక్క

ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మి.మీ. వాన పడినచో ఒక లీటరు నీరగును. 50 చదరపు మీటర్ల కప్పుపై అనంతపురములో ఏటా 27,500 లీటర్లు పడును. ఐదవ వంతు నష్టమైనను 22,000 లీటర్లు మిగులును. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్లు ప్రమాణముగా నిర్ణయించినది. ఆ చొప్పున ఐదుగురు గల కుటుంబమునకు ఈ నీరు 80 దినములకు సరిపోవును. బస్తరులో అంతే కప్పుపై ఇందుకు రెట్టింపు కంటె ఎక్కువ నీరు పడును.

ఇండ్లలో

తొలివాన నీరు కప్పుమీది దుమ్మును, రెట్టలను కడిగి తెచ్చును గనుక దానిని తొట్టిలోనికి రానీయరాదు. తొట్టి నిండగా మిగిలిన నీటిని రాళ్లు, కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతలోనికి మరల్చవలెను. ఈ గుంత మరుగుదొడ్డికి దూరముగా నుండవలెను. మురుగు నీటిని అందులోనికి ఎన్నడును వదలరాదు.

దుకాణములలో

నిమిషమునకు 10 మిల్లీలీటర్లు కారు కొళాయి దినమునకు 14 లీటర్లకు పైగా నీటిని వృథా చేయును. హోటళ్లవారు కారు కొళాయిలను వెంటనే బాగుచేయించవలెను. కూరగాయలు కడిగిన నీటిని మొక్కలకు పోయవచ్చును.

రెండు హెచ్చరికలు

మూతలేని తొట్టి దోమలకు పుట్టినిల్లు. డెంగీని వ్యాపింపజేయు దోమ ఇట్టి నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. కావున పెద్ద తొట్టికి సందులేని మూత పెట్టవలెను. కుండలను, బానలను వారమునకొకసారి ఖాళీచేసి, లోపలి అంచులను తోమి ఆరబెట్టవలెను. నిలువచేసిన నీటిని మరగకాచి చల్లార్చిన పిమ్మటనే త్రాగవలెను.

పొదుపు పేరిట చేతులు కడుగుకొనుట మానరాదు. మలవిసర్జన పిదపను, భోజనమునకు, వంటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుటవలన అతిసారము చాలవరకు తగ్గును. తగ్గించవలసినది వృథాయే గాని శుభ్రత గాదు.