జాతీయగీతం ఎదుట నిరసన

పాఠ్యభాగ ఉద్దేశం

జాతీయగీతం వినిపించే వేళ కొందరు క్రీడాకారులు తెలిపిన నిరసనను, దానిపై వెల్లువెత్తిన ప్రజాగ్రహాన్ని తెలుగునాట జరిగిన సంఘటనలతో పోల్చి పరిశీలింపజేయడం; గౌరవానికి, అసమ్మతికి గల సంబంధాన్ని గూర్చి విద్యార్థులు స్వయంగా ఆలోచించేటట్లు చేయడం.

పాఠ్యభాగం

జాతీయగీతం వినబడగానే నిటారుగా నిలబడటం మనకు బడిలోనే అబ్బిన అలవాటు. ముస్తాబాద్ విద్యార్థి అయినా, సిరిసిల్ల, కోరుట్ల విద్యార్థి అయినా ఈ మర్యాదను ఎవరో విడమరచి చెప్పగా నేర్చుకున్నవాడు కాడు. ముందు వరుసలో నిలిచినవారిని చూసి నేర్చుకున్నవాడు. మన పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జమ్మికుంట పట్టణంలో 2017 ఆగస్టు 15 నాడు ఒక కొత్త ఏర్పాటు మొదలయింది. పోలీసుల చొరవతో కూడళ్ళలో అమర్చిన మైకుల నుండి ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు కొద్దిగా ముందు జాతీయగీతం వినిపించసాగింది. బండి తోసేవారు, బేరమాడేవారు, బడికి వెళ్ళేవారు ఎక్కడివారక్కడ ఆగి నిలిచిన ఆ దృశ్యం దేశమంతటా వార్త అయింది. గీతం పూర్తిగా పాడటానికి పట్టే కాలం సుమారు 52 సెకన్లు. ఆ కొద్దిపాటి కాలంలో ఒక పట్టణమంతా ఒక్కటిగా నిలవడం ముచ్చటైన విషయమే.

అయితే అందరూ నిలిచిన చోట ఒకడు కూర్చుంటే? అందరూ తల ఎత్తిన చోట ఒకడు తల వంచితే? చూసేవారిలో కలిగే మొదటి భావం కోపం. రెండవది, కలిగితే, ‘ఎందుకు?’ అనే ప్రశ్న. ఆ కోపానికి, ఈ ప్రశ్నకు మధ్య ఒక్కొక్కసారి యాభై ఏండ్లు గడిచిపోతాయి.

1968 అక్టోబరు 16. మెక్సికో నగరంలో ఒలింపిక్ క్రీడలు జరుగుతున్నాయి. పురుషుల 200 మీటర్ల పరుగును అమెరికాకు చెందిన నల్లజాతి యువకుడు టామీ స్మిత్ 19.83 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆస్ట్రేలియాకు చెందిన శ్వేతజాతీయుడు పీటర్ నార్మన్ రెండవవాడు. అమెరికాకే చెందిన మరొక నల్లజాతి యువకుడు జాన్ కార్లోస్ మూడవవాడు. పతకాలు స్వీకరించడానికి స్మిత్, కార్లోస్ బూట్లు లేకుండా, నల్లని మేజోళ్ళతో వేదిక ఎక్కారు. తమ జాతివారి పేదరికానికి అది సంకేతం. అమెరికా జాతీయగీతం మొదలుకాగానే ఇద్దరూ తలలు వంచి, నల్లని చేతితొడుగు ధరించిన పిడికిళ్ళను పైకెత్తారు. స్మిత్ ఎత్తినది కుడిచేయి, కార్లోస్ ఎత్తినది ఎడమచేయి. కార్లోస్ తన తొడుగులను బసలోనే మరచి రావడంతో ఇద్దరికీ ఒకే జత మిగిలింది. చరిత్రలో నిలిచిన ఆ భంగిమ వెనుక ఇంతటి చిన్న మరపు ఉన్నదంటే నవ్వు వస్తుంది! మువ్వురి రొమ్ములపైనా మానవహక్కుల కోసం వెలసిన క్రీడాకారుల సంఘపు బిళ్ళ ఉంది. గీతం ముగిసేవరకు ఎవరూ పెదవి కదపలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యాడు. పరుగులో గెలిస్తే తమను అమెరికన్లని మెచ్చుకొనే దేశం, వీధిలో నడుస్తుంటే నల్లవారని ఎందుకు వేరుచేస్తున్నదన్నది ఆ యువకుల ఆవేదన. కాని ప్రేక్షకులలో పలువురు వారిని గేలిచేశారు. అమెరికా జట్టు నుండి తొలగించి, క్రీడాగ్రామం నుండి వెళ్ళగొట్టారు. ఇంటికి చేరిన తరువాత చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. అదే క్రీడలలో చెకోస్లోవేకియాకు చెందిన వేరా చాస్లావ్‌స్కా సోవియట్ గీతం వినిపిస్తుండగా ముఖం పక్కకు తిప్పి తల దించుకొన్నది. అంతకు రెండు నెలల ముందే సోవియట్ సేనలు ఆమె దేశంలో ప్రవేశించాయి. స్వదేశానికి తిరిగివెళ్ళాక ఆమెకూ చాలా ఏండ్లు ఆంక్షలే బహుమానమయ్యాయి.

ఇటువంటి ఆగ్రహం మన వాఙ్మయానికి కొత్త కాదు. సభాపర్వంలోని ద్యూతసభను స్మరించండి. ద్రౌపది వేసిన ధర్మప్రశ్నకు భీష్మద్రోణాది పెద్దలు సూటిగా బదులు చెప్పలేకపోయారు. ఆ వేళ లేచి మాట్లాడినవాడు వికర్ణుడు. అతడు పరపక్షంవాడు కాడు, దుర్యోధనుని తోడబుట్టినవాడు. కర్ణుడు తన వాదాన్ని వినిపించడానికి ముందే వికర్ణుని చిన్నతనాన్ని ఎత్తిపొడిచాడు. పుట్టిన వంశానికే చేటు తెచ్చేవాడని నిందించాడు. ప్రశ్న కంటె ముందు ప్రశ్నించినవాని జన్మ విచారణకు వచ్చింది. ఆ వికర్ణుడే కురుక్షేత్రంలో తన అన్న పక్షాన నిలిచి పోరాడి, భీముని చేతిలో మరణించాడు. అసమ్మతి తెలిపినవాడు తనవారిని విడిచిపోయినవాడు కానక్కరలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

మన నేలకు వద్దాం. ఇక్కడ కథ తిరగబడి కనిపిస్తుంది. గీతం వేళ మౌనంగా ఉన్నందుకు కాదు, గీతం పాడినందుకే శిక్షలు పడిన కాలం ఒకటి ఉండేది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనకు వచ్చిన రోజులలో రాజమహేంద్రవరంలోని ట్రెయినింగు కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. దొరతనానికి అది ధిక్కారంగా తోచింది. కళాశాల నుండి బహిష్కృతులైన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయనకు ప్రభుత్వోద్యోగం కూడా దక్కకుండా చేశారు.

ముప్పై ఏండ్ల తరువాత అదే గీతం నిజాం రాజ్యంలో మారుమోగింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల విద్యార్థులు తమ ప్రార్థనా మందిరంలో వందేమాతరం పాడుకొనేవారు. అధికారులు దానిని నిషేధించారు. విద్యార్థులు మానలేదు. వందల సంఖ్యలో విద్యార్థులు చదువుకు దూరమయ్యారు. హైదరాబాదులో రాజుకొన్న నిప్పు వరంగల్లు మొదలుగా గల ఇతర పట్టణాల కళాశాలలకూ వ్యాపించింది. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయం వారికి తలుపులు తెరిచింది. అట్లా నాగపూరు చేరిన వారిలో వంగర గ్రామంలో పెరిగిన పి.వి. నరసింహారావు ఒకరు. ఇంచుమించు మీ వయసువాడు. 1991లో ఆయన భారత ప్రధాని అయ్యాడు. 1938లో ఆయనను, ఆయన తోటివారిని క్రమశిక్షణ లేని కుర్రవాళ్ళని అధికారులు భావించి ఉండవచ్చు. విద్యాసంస్థలో శాంతిని కాపాడుతున్నామని వారు నిజంగానే నమ్మి ఉండవచ్చు కూడా. నిషేధించేవారందరూ దుర్మార్గులే అయితే ఈ సమస్య ఇంత చిక్కుగా ఉండేది కాదు.

మరొక ముచ్చట కూడా చెప్పాలి. తెలంగాణ ఉద్యమకాలంలో సభలలో, బడులలో నిరసనకు గొంతుకగా నిలిచిన అందెశ్రీ గీతం ‘జయజయహే తెలంగాణ’ 2024 జూన్ 2న రాష్ట్రగీతమై వినిపించింది. ఒకనాటి అసమ్మతి గీతానికి నేడు మనం లేచి నిలబడుతున్నాము.

ఇప్పుడు మళ్ళీ అమెరికాకు పోదాం. 2016 ఆగస్టులో కోలిన్ కేపర్నిక్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆటకు ముందు జాతీయగీతం వినిపిస్తుండగా లేవకుండా కూర్చున్నాడు. నల్లజాతివారిపై పోలీసులు సాగిస్తున్న హింసకు అది నిరసన. సైన్యంలో పనిచేసిన నేట్ బోయర్ అనే మాజీ క్రీడాకారుడు అతనితో మాట్లాడాడు. కూర్చోవడం కంటె ఒక మోకాలిపై వంగడం మేలని సూచించాడు. మరణించిన సహచరుని సమాధి ముందు సైనికులు అట్లాగే మోకరిల్లుతారు. సెప్టెంబరు 1 నుండి కేపర్నిక్ మోకరిల్లసాగాడు. నాకు ఈ ఉదంతంలో అన్నింటికంటె విలువైనదిగా తోచేది ఈ సంభాషణయే. నిరసన వల్ల మనసు నొచ్చుకొన్న వ్యక్తి నిరసనకారుని దగ్గరకు వచ్చి మాట్లాడాడు. అతడు విన్నాడు. విని, తన ప్రశ్నను విడువకుండా, అడిగే తీరును మార్చుకొన్నాడు.

కాని దేశంలో ఎక్కువమంది ఆ సంభాషణను గమనించలేదు. అతని పేరున్న చొక్కాలను తగులబెట్టారు. 2017 సెప్టెంబరులో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అటువంటి ఆటగాళ్ళను తొలగించాలని బహిరంగసభలో జట్ల యజమానులను రెచ్చగొట్టాడు. అదే సంవత్సరం పాత జట్టుతో ఒప్పందం ముగించుకొన్న కేపర్నిక్‌ను మరే జట్టూ చేర్చుకోలేదు. పోలీసు హింస గురించి మొదలైన చర్చ జెండా గురించి, సైనికుల గురించి జరిగే చర్చగా మారిపోయింది. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణాలు విడిచిన తరువాత గాని, ఆటగాళ్ళ మాట ముందే వినకపోవడం తప్పు అని ఆ క్రీడాసంస్థ అధిపతి ఒప్పుకోలేదు.

ఆగ్రహించినవారి పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. జాతీయగీతం అందరికీ కేవలం పాట కాదు. సరిహద్దులో కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ఆ స్వరం వినబడితే జ్ఞాపకం వచ్చేది రాజ్యాంగమో, ప్రభుత్వమో కాదు. జెండా కప్పుకొని ఇంటికి వచ్చిన కొడుకు. ఆ క్షణంలో ఎదుట ఎవరైనా కూర్చుని ఉంటే ఆమెకు కలిగే బాధను అజ్ఞానమని కొట్టివేయడం నిర్దయ. నిరసన తెలిపేవాడు ఆ బాధకు కూడా సమాధానం చెప్పుకోవాలి. కేపర్నిక్ మోకరిల్లడంలో అటువంటి ప్రయత్నం ఉన్నది. కాని బాధపడే హక్కు వేరు, బాధపెట్టిన వానిని శిక్షించే హక్కు వేరు.

ఈ భేదాన్ని మన న్యాయస్థానం ఎంతో స్పష్టంగా గుర్తించింది. 1985లో కేరళలో యెహోవాసాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలను జాతీయగీతం పాడలేదనే కారణంతో బడి నుండి తొలగించారు. ఆ పిల్లలు గీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి గౌరవంగా నిలబడేవారు. దైవాన్ని తప్ప మరి దేనినీ కీర్తించరాదన్న తమ విశ్వాసం వల్ల గొంతు మాత్రం కలిపేవారు కారు. అది నిరసన కాదు, విశ్వాసం. అయినా శిక్ష తప్పలేదు. కేరళ హైకోర్టులో వారికి ఊరట లభించలేదు. సుప్రీంకోర్టులో 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళిన మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గీతాన్ని పాడి తీరాలని శాసించే చట్టమేదీ లేదనీ, గౌరవంగా నిలిచినవారు పాడకపోయినంత మాత్రాన అవమానించినట్లు కాదనీ ఆ తీర్పు నిర్ణయించింది. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని ఆదేశించింది. సహనం మన సంప్రదాయంలో, తత్త్వచింతనలో, రాజ్యాంగంలో ఉన్నదే కనుక దానిని పలుచన చేయరాదని హితవు పలికింది. 1971 నాటి చట్టం శిక్షార్హమని చెప్పేది గీతాలాపనను కావాలని అడ్డుకోవడాన్ని, పాడుతున్న సమావేశానికి భంగం కలిగించడాన్ని. దానికి గరిష్ఠంగా మూడేండ్ల జైలుశిక్ష విధించవచ్చు. ఇతరుల గీతాన్ని అడ్డుకోవడం వేరు, తాను మౌనంగా ఉండటం వేరు.

అయినా వీథిలోని తీర్పు ఎప్పుడూ న్యాయస్థానం తీర్పు కంటె ముందే వెలువడుతుంది. 2016లో గోవాలోని ఒక సినిమాహాలులో జాతీయగీతానికి లేవలేదని ఒక వ్యక్తిని వెనుక కూర్చున్నవారు కొట్టారు. అతడు నడవలేనివాడు, చక్రాల కుర్చీని ఆశ్రయించినవాడు. ‘ఎందుకు?’ అనే ప్రశ్న వేసే తీరిక ఎవరికీ లేకపోయింది. అదే ఏడాది నవంబరు 30న సినిమాహాళ్ళలో గీతాన్ని తప్పనిసరి చేసిన సుప్రీంకోర్టు, 2018 జనవరి 9న ఆ నిర్బంధాన్ని తొలగించింది.

మెక్సికో వేదికపై నిలిచినవారి సంగతి మిగిలింది. నార్మన్ పిడికిలి ఎత్తలేదు. బిళ్ళ మాత్రమే ధరించాడు. అయినా స్వదేశంలో నిందలు పడ్డాడు. 2006లో ఆయన మరణించినప్పుడు స్మిత్, కార్లోస్ ఆస్ట్రేలియాకు వెళ్ళి ఆయన పాడె మోశారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆయనకు క్షమాపణ చెప్పింది. స్మిత్, కార్లోస్ చదువుకొన్న శాన్ హోసే విశ్వవిద్యాలయంలో 2005లో ఆ దృశ్యాన్ని శిల్పంగా ప్రతిష్ఠించారు. మొదటి, మూడవ స్థానాలలో ఇద్దరు యువకుల విగ్రహాలున్నాయి. నార్మన్ కోరిక మేరకు రెండవ మెట్టును ఖాళీగా విడిచిపెట్టారు. చూడవచ్చినవారు దానిపైకి ఎక్కి నిలబడవచ్చు.

కఠిన పదాలు – అర్థాలు

అసమ్మతి = ఒప్పుకొనకపోవడం; సంకేతం = గుర్తు; ద్యూతసభ = జూదం జరిగిన సభ; వాఙ్మయం = సాహిత్యం; దొరతనం = ప్రభుత్వం (ఇక్కడ ఆంగ్ల ప్రభుత్వం); బహిష్కృతుడు = వెలివేయబడినవాడు; ఆలాపన = పాడటం; ఉదంతం = వృత్తాంతం.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వికర్ణుని ఉదంతాన్ని రచయిత ఏ ప్రయోజనం కోసం ప్రస్తావించాడు? వివరించండి.
2. 1938లో ఉస్మానియా విద్యార్థులు చేసిన పనిని, 2016లో కేపర్నిక్ చేసిన పనిని పోల్చండి. వాటిలోని భేదాలను కూడా చూపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నేట్ బోయర్ చేసిన సూచన ఏమిటి?
2. కేరళ పిల్లల విషయంలో సుప్రీంకోర్టు ఏమని నిర్ణయించింది?
3. ఆగ్రహించినవారి పక్షాన రచయిత చెప్పిన మాటతో మీరు ఏకీభవిస్తారా?