బీరు తయారీకి పసుపు: వర్తకులు గమనించవలసినవి

రేపల్లె: కొల్లూరు, కొల్లిపర లంకల పసుపుకు దుగ్గిరాల యార్డులో కొమ్ము, కాయ, తేమ, రంగు చూసి ధర కడతారు. మూలికలు వేసి బీరు కాచేవారి లెక్క వేరు. వారు ముందుగా అడిగేది కర్‌క్యుమిన్ శాతం.

మూలికల బీరు కొత్తది కాదు. హాప్స్ వాడుక స్థిరపడక మునుపు ఐరోపాలో మూలికలతోనే కాచేవారు. బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ వాడరాదని 1516లో బవేరియా శాసనం చేసింది. మన ఆసవాలు, అరిష్టాలు సైతం మూలికలతో పులియబెట్టినవే.

అయితే కర్‌క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. బీరులో ఆల్కహాలు సాధారణంగా 4 నుంచి 8 శాతమే. అందుచేత పసుపు పొడి వేసినా కర్‌క్యుమిన్ అధికభాగం మడ్డిలోనే ఉండిపోతుంది. సువాసన, రంగు కొంత దిగుతాయి. ‘ఆరోగ్య బీరు’ అన్న ప్రచారం నమ్మి సరుకు నిల్వ చేయడం తొందరపాటు.

కేరళ అల్లెప్పీ రకంలో కర్‌క్యుమిన్ 5 శాతం దాకా ఉంటుంది; దుగ్గిరాల రకంలో అంతకన్న తక్కువ. కనుక రకాలు కలపక, లాటువారీగా నమూనా తీసి పరీక్ష చేయించి, ఆ శాతం మీదనే బేరమాడుట మేలు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పూసిన కొమ్ములో సీసం విషం చేరుతుంది. అది చట్టరీత్యా నేరం. పరీక్షలో తేలితే లాటంతా తిరిగి వస్తుంది.